రోజా పిడికిలి బలం

మాది మనుబోలు దగ్గర వరి పండించే ఊరు. నెల్లూరులో ఫిజియోథెరపీ పీజీ చదువుతున్నప్పుడు నా పరిశోధనకు ఎంచుకున్న విషయం చెబితే మా నాన్న చాలాసేపు నవ్వాడు. ఏ జబ్బూ లేని పిల్లల చేతిబలం కొలవడం, అదీ విషయం.

"జబ్బుండే వాళ్లను చూసేదానికి గదమ్మా జయశీలా నిన్ను చదివించింది. బాగుండే వాళ్లను చూసేదేంది?" అన్నాడు.

ఆయనకు ఇలా చెప్పాను. చెట్టు మీంచి పడి మణికట్టు విరిగిన పిల్లవాడు మా దగ్గరికి వస్తాడు. కట్టు విప్పాక వ్యాయామాలు చేయిస్తాం. బలం పూర్తిగా వచ్చిందా లేదా అని తెలియాలంటే, ఆ వయసు పిల్లలకు మామూలుగా ఎంత బలం ఉంటుందో ముందు తెలియాలి. మా పుస్తకాల్లో ఉన్న అంకెలు ఎక్కడో చలిదేశాల పిల్లలవి. మన పిల్లల అంకెలు మనం రాసుకోవాలి.

నాన్న నవ్వు ఆపి, "అట్టయితే సరిగ్గా రాయి" అన్నాడు.

మూడు బడులు ఎంచుకున్నాను. ఒకటి నెల్లూరు టౌనులో, ఒకటి మా పొలాల వైపు, మూడోది బోగోలు మండలంలో సముద్రం పక్కనున్న చెలమపాళెం హైస్కూలు. మొదటి రెండూ ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయాయి. ఆగస్టులో చెలమపాళేనికి వెళ్లాను. కావలిలో స్నేహితురాలి ఇంట్లో దిగి, పొద్దున్నే ఆటోలో బయలుదేరేదాన్ని. నా సంచిలో ఉన్న సాధనం పేరు డైనమోమీటర్. ఉక్కు పిడి, దాని పైన గడియారం లాంటి ముఖం. పిడిని బిగించి నొక్కితే ముల్లు తిరిగి ఎన్ని కిలోల బలమో చూపిస్తుంది. పిల్లలు దానికి గంటలోనే పేరు పెట్టేశారు, పిసుకుడు మిషనని.

ఆ బడిలో వ్యాయామం సారు పేరు హజరత్తయ్య. యాభై దాటిన మనిషి, గొంతు మాత్రం మైదానం అవతలికి వినబడుతుంది. తల్లిదండ్రుల చేత అనుమతి కాగితాల మీద సంతకాలు పెట్టించింది ఆయనే. నాకు ఒక గది కావాలని అడిగాను.

"గదెందుకమ్మా, వరండాలో గాలొస్తాది. పిల్లోళ్లంతా చూస్తుంటే హుషారుగా ఉంటారు" అని కుర్చీ, బల్ల వరండాలోనే వేయించాడు.

అక్కడ నేను గట్టిగా కాదనాల్సింది. అనలేదు. ఆయన పక్కనుంటే రోజుకు నలభై మందిని పూర్తి చేయొచ్చని నా లెక్క.

మగపిల్లల వంతు ముందు వచ్చింది. ముల్లు ఆగడం ఆలస్యం, సారు అంకెను అరిచి చెప్పేవాడు. "ఇరవై ఆరు!" అంటే ఈలలు. "ముప్పై ఒకటి!" అంటే చప్పట్లు. తొమ్మిదో తరగతి కుర్రాళ్లు మొహాలు ఎర్రబడేలా, పళ్లు కొరుక్కుంటూ నొక్కారు. ఒకడు కుర్చీలోంచి లేచిపోయాడు. వాడిని మళ్లీ కూర్చోబెట్టి, మోచెయ్యి వంచి పక్కకు ఆనించి, పాదాలు నేల మీద పెట్టించి మళ్లీ కొలిచాను. అదంతా పద్ధతి ప్రకారమే చేశాను. పద్ధతి తప్పింది మరోచోట.

తర్వాత ఆడపిల్లలు వచ్చారు. మొదట పుష్పకుమారి అనే సన్నటి అమ్మాయి. పన్నెండు వచ్చింది. ఆ తర్వాత పన్నెండు, పదమూడు, పన్నెండు, పద్నాలుగు. సారు అరవడం తగ్గించాడు. మగపిల్లలు నవ్వుతూ గోడెక్కి కూర్చున్నారు.

రోజా వంతు వచ్చింది. తొమ్మిదో తరగతి, పద్నాలుగేళ్లు. పొడుగ్గా ఉంటుంది, భుజాలు వెడల్పు. ఆమె కుర్చీలో కూర్చోగానే గోడ మీంచి ఎవడో, "రేయ్, క్రేను వచ్చింది రా!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. సారు వాళ్లను కసిరాడు గానీ ఆయన మీసాల కింద కూడా నవ్వుంది.

రోజా మూడుసార్లు నొక్కింది. పదమూడు, పన్నెండు, పదమూడు. గట్టిగా బిగిస్తే వేళ్ల కణుపులు తెల్లబడాలి. ఆమె కణుపులు తెల్లబడలేదు. అది నేను చూశాను. చూసి కూడా అంకె రాసుకుని, తర్వాతి పేరు పిలిచాను.

సాయంత్రం కావలి చేరాక అంకెలన్నీ పరిచి చూశాను. మగపిల్లల బలం వయసుతో పాటు మెట్లెక్కినట్టు పెరుగుతోంది. ఆడపిల్లలది మాత్రం పదకొండేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా ఒకే గీత, చదునుగా. నాకు చెప్పలేనంత ఉత్సాహం వచ్చింది. ఏదో కనిపెట్టాననుకున్నాను. "తీరప్రాంత బాలికల్లో పోషకాహార లోపం వల్ల చేతిబలం పెరుగుదల ఆగిపోతున్నది" అని నోట్సులో రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను.

మర్నాడు పొద్దున బడికి వెళ్లేసరికి గేటు దగ్గర ఒకామె నిలబడి ఉంది. నలభై ఏళ్లుంటాయి. చీర కొంగు నడుముకు దోపింది. పక్కనే రోజా తల వంచుకుని ఉంది.

"చేతిబలం కొలిచే అమ్మ ఎవురు?"

"నేనేనక్కా."

"నా పేరు గురవమ్మ. రోజా వాళ్లమ్మను." జాకెట్టులోంచి మడత పెట్టిన చీటీ తీసింది. కొలిచిన ప్రతి పిల్లకూ ఇంట్లో చూపించమని నేనిచ్చిన చీటీ అది. "ఇది నువ్వు రాసిందేనా?"

"అవునక్కా."

"పదమూడు కేజీలని చదివినారు. అంతేనా?"

"అంతే. అంటే, చాలామంది ఆడపిల్లలకు అట్లాగే..."

"చాలామంది సంగతి నాకొద్దు. నా బిడ్డ సంగతి చెప్పు." ఆమె గొంతు పెంచలేదు. ఒక్కో మాటా ఒత్తి పలికింది. "ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఒంటిచేత్తో మోసుకొనొస్తాది ఇది. ఐసు పెట్టెకి ఒక పక్క నేను, ఒక పక్క ఇది. నేనన్నా మధ్యలో దించుతా గానీ ఇది దించదు. ఆదివారం ఒడ్డుమీంచి అలివి వల లాగేటప్పుడు వాళ్ల నాయన వెనక తాడు పట్టేది ఇదే. పదమూడంటే ఏందమ్మా? మిషను చెడిపోయిందా, నీకు చూసేదానికి రాలేదా?"

ఆ రోజు ఆమె కావలి మార్కెట్టుకు పోలేదని అప్పుడు తెలిసింది. చేపల గంప పక్కింటామెకు అప్పగించి, ఆ చీటీ పట్టుకుని వచ్చింది.

"మిషను బాగానే ఉందక్కా. మొన్ననే బరువులు వేలాడదీసి సరి చూశాం" అన్నాను.

గురవమ్మ కూతురి వైపు తిరిగింది. "నాకు చెప్పిన మాటే ఈ అమ్మకు చెప్పు మే."

రోజా కాలి బొటనవేలితో ఇసుకలో గీస్తూ ఉంది.

"నేను నొక్కలేదు మేడం" అంది చివరికి. "ఊరికే పట్టుకున్నా."

"ఎందుకు?"

"ఎక్కువొస్తే సారు గట్టిగా అరుస్తారు గదా. వాళ్లంతా వింటారు." ఆగింది. "పోయిన వానాకాలం మన బడి గేటు ఇసుకలో కూరుకుపోతే నేను లాగి తెరిచినా. ముగ్గురు అబ్బాయిల వల్ల కాలేదు. ఆ రోజు నుంచి క్రేనంటుండారు. ఆడపిల్ల ఇట్టుంటే ఎట్టా అని టీచర్లు కూడా నవ్వినారు."

"మిగతా వాళ్లు?"

"ముందు పుష్పకుమారికి పన్నెండొచ్చింది. అంతకంటే మరీ ఎక్కువ రాకుండా చూసుకుందామని లైన్లోనే అనుకున్నాం. నేను మిషను ముల్లు చూస్తా నొక్కినా మేడం, పదమూడు దగ్గర ఆపేసినా."

పదమూడు దగ్గర మూడుసార్లు ఆపడం ఎంత కష్టమో నాకు తెలుసు. పిడికిలి మీద అంత అదుపు మా క్లాసులో నాకే లేదు. నా నోట్సులో రెండు గీతలు గీసిన వాక్యం గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

గురవమ్మ కూతురి చెయ్యి అందుకుంది. "బలం దాచిపెట్టుకునేదానికి అదేమన్నా దొంగసొత్తా పాపా?" అంది. కోపంగా కాదు, నిజంగా అర్థం కాక అడిగినట్టు అడిగింది. తర్వాత నావైపు చూసి, "ఈ రాసుకున్న కాగితాలు యాడికి పోతాయమ్మా?" అంది.

"పుస్తకంగా వస్తాయి. డాక్టర్లు చూస్తారు."

"చూసి?"

"ఈ ఊళ్లో ఆడపిల్లలకు ఇంత బలం ఉంటుందని..."

"ఇంతే ఉంటాదని అనుకుంటారు." ఆమె చీటీని మళ్లీ మడిచింది. "నాకు చదువు రాదు. అయినా అది తప్పని నాకు తెలస్తా ఉంది."

ఆమెను వరండాలో కూర్చోబెట్టి నెల్లూరులో మా గైడు మేడంకు ఫోన్ చేశాను. జరిగింది ఒక్కటీ దాచకుండా చెప్పాను, వరండా సంగతి, తెల్లబడని కణుపుల సంగతి కూడా. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

"ముందు రాసినవి కొట్టెయ్యకు. పక్కన పెట్టు, ఎందుకు పక్కన పెట్టావో రాయి" అంది. "పిల్లల్ని మళ్లీ అడిగి, ఇష్టమైతేనే కొలువు. ఒక్కొక్కరినీ మూసిన గదిలో. మగపిల్లల్ని కూడా మళ్లీ కొలవాలి, వాళ్లకొక పద్ధతి వీళ్లకొక పద్ధతి కుదరదు."

హజరత్తయ్య సారుకు చెప్పాను. ఆయన మీసం దువ్వుకుంటూ మైదానం వైపు చూశాడు. "ముప్పై ఏళ్లుగా ఆటలు ఆడిస్తుండానమ్మా. ఆడపిల్లలు మెల్లగా పరిగెత్తేది చేతకాక అనుకుంటా ఉన్నా" అన్నాడు. ఆ తర్వాత ఆయనే వెళ్లి సైన్సు గది తాళం తెరిచి, బల్ల తుడిచి, కిటికీలకు పాత మ్యాపులు అడ్డం కట్టాడు.

మొదట రోజానే పిలిచాను. గదిలో ఆమె, నేను, అంతే. పిడిని ఆమె వేళ్ల పొడవుకు సరిచేశాను. వెన్ను ఆనించి కూర్చోమన్నాను. పాదాలు నేల మీద, మోచెయ్యి వంచి, ముంజెయ్యి తిన్నగా ముందుకు. ముల్లు నావైపు తిప్పుకున్నాను, ఆమెకు కనబడకుండా.

"ఎంత నొక్కాలి మేడం?"

"నీకెంత ఉంటే అంత."

ఆమె నవ్వింది. ఆ రెండు రోజుల్లో ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. ఊపిరి పీల్చి బిగించింది. మొహంలో ఏ కష్టమూ లేదు, చూపు మాత్రం ఎక్కడో దూరాన నిలిచింది. కణుపులు సున్నం వేసినట్టు తెల్లబడ్డాయి.

ముప్పై ఒకటి. నిమిషం ఆగాం. ముప్పై నాలుగు. మళ్లీ నిమిషం. ముప్పై మూడు.

పద్నాలుగేళ్ల ఆడపిల్లలో అంత బలం అప్పటిదాకా కొలిచిన మూడు వందల మందిలో నాకెక్కడా కనిపించలేదు. అంకె రాసి, సరిగ్గా రాశానా అని మళ్లీ చూసుకున్నాను. ముల్లు ఆమె వైపు తిప్పి చూపించాను. ఆమె వంగి చూసింది, వేలితో అద్దం మీద తాకింది.

"ఇది నాదేనా మేడం?"

"నీదే."

"అమ్మకు నేను చెప్పొచ్చా?"

తలుపు తీసుకుని పరిగెత్తింది. వరండాలో గురవమ్మ లేచి నిలబడింది. "ముప్పై నాలుగు" అంది రోజా, ఊపిరాడకుండా. గురవమ్మ నమ్మకం కోసం నావైపు చూసింది. అవునని తలూపాను. ఆమె కళ్లలో నీళ్లేమీ రాలేదు. నడుముకు దోపిన కొంగు తీసి, మళ్లీ గట్టిగా దోపుకుంది.

"నాది కూడా చూడు" అంది.

"అక్కా, ఇది పిల్లల కోసం..."

"కాగితంలో రాయొద్దులే. నాకు చెప్తే చాలు."

కాదనలేకపోయాను. ఆమె కుర్చీలో కూర్చుంది. అరచేతుల్లో ఐసుకు, ఉప్పుకు పగిలిన గీతలు. కుడి బొటనవేలి మొదట్లో ఎప్పుడో రొయ్య ముల్లు దిగి మానిపోయిన మచ్చ. మణికట్టు కొంచెం వాచి ఉంది, చాన్నాళ్లుగా నొప్పి ఉండి ఉంటుంది. మూడుసార్లూ ప్రాణం పెట్టి నొక్కింది. ఇరవై తొమ్మిది, ముప్పై ఒకటి, ముప్పై.

జీవితమంతా ఆ చేతుల మీదే బతికిన మనిషికి, నీ చేతుల్లో నీ కూతురికంటే తక్కువ బలం ఉందని ఎలా చెప్పను?

"ఎంతుండాది?"

"ముప్పై ఒకటి అక్కా."

ఒక క్షణం ఆమెకు లెక్క అందలేదు. అందగానే మొహం మొత్తం విచ్చుకుంది. గదిలోంచి బయటికి వచ్చి, రోజా భుజం మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచింది.

"నన్ను దాటేసినాది!" అంది. వరండా అవతల తరగతిలో పాఠం చెబుతున్న టీచరు తల బయట పెట్టి చూసింది. గురవమ్మకు పట్టలేదు. "సారూ, విన్నారా? ఈ వయసుకే నన్ను దాటేసినాది! మా ఇంట్లో మా అత్తని నేను దాటేదానికి ఐదేళ్లు పట్టింది!"

హజరత్తయ్య సారు ఈసారి అరవలేదు. చేతులు కట్టుకుని, "విన్నానమ్మా, బాగా విన్నా" అన్నాడు.

ఆ రోజూ మర్నాడూ మిగతా పిల్లలందరినీ కొలిచాను. రోజా గది బయట కూర్చుని ఒక్కో ఆడపిల్లకూ ఏం చెప్పిందో నాకు తెలియదు. పుష్పకుమారికి పన్నెండు కాదు, పంతొమ్మిది వచ్చింది. ఆరో తరగతి పిల్లలకు పద్నాలుగు, పదిహేను. పదో తరగతి వాళ్లకు ఇరవై నాలుగు, ఇరవై ఆరు. చదునుగా ఉన్న గీత లేచి నిలబడింది. వింతేమిటంటే, ఈలలూ చప్పట్లూ లేని గదిలో మగపిల్లల అంకెలు తలా ఒకటి రెండు కిలోలు తగ్గాయి. ఆ సంగతి సారుకు చెబితే కడుపు పట్టుకుని నవ్వాడు.

నేను వెళ్లిపోయే రోజు ప్రార్థన అయ్యాక హజరత్తయ్య సారు మైకు ముందుకు వచ్చాడు. "మొన్న వరండాలో నేను అంకెలు అరిచినా. అది తప్పు. ఎవరి బలం వాళ్లది, అది నేను చాటింపు వేసే పని కాదు" అన్నాడు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సారు తమ ముందు తప్పు ఒప్పుకోవడం వాళ్లెప్పుడూ చూసి ఉండరు.

ఆయన మైకు వదిలి పక్కకు జరగగానే తొమ్మిదో తరగతి వరసలోంచి రోజా బయటికి వచ్చింది. ఎవరూ పిలవలేదు. మైకు ముందు నిలబడి, దాన్ని తన ఎత్తుకు పైకి లాగింది.

"నాది ముప్పై నాలుగు కేజీలు" అంది. "మొన్న నేను నొక్కలేదు. ఆ మర్నాడు నొక్కినా."

అంతే చెప్పి వెనక్కి వెళ్లి తన చోట నిలబడింది. మగపిల్లల వరస వైపు చూశాను. వరండాలో ముప్పై ఒకటి తెచ్చుకుని చప్పట్లు కొట్టించుకున్న పిల్లవాడు పక్కవాడి వేపు తిరిగి ఏదో అన్నాడు. తర్వాత వాడే చప్పట్లు మొదలుపెట్టాడు. ఆ వెనక ఆడపిల్లల వరస అందుకుంది. అప్పటిదాకా ఎవరి అంకె వాళ్లు గుట్టుగా దాచుకున్నవాళ్లు, ప్రార్థన వరస చెదిరిపోతుండగానే "నాది ఇరవై రెండు", "నాది ఇరవై ఐదు" అని ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. సారు విజిల్ ఊదినా వాళ్లు ఆపలేదు. ఆయన రెండోసారి ఊదలేదు.

మరుసటి ఏడాది నా పరిశోధన మీద ప్రశ్నలడగడానికి బయటి నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు వచ్చారు. పుస్తకం తిరగేసి చెలమపాళెం దగ్గర ఆగారు. ఒకే బడిని రెండుసార్లు ఎందుకు కొలిచావు, మొదటి అంకెలు ఎందుకు వదిలేశావు అని గుచ్చి గుచ్చి అడిగారు. నేను వరండా సంగతి చెప్పాను. నేను తప్పుగా రాసుకున్న వాక్యాన్ని కూడా చదివి వినిపించాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ తల్లి రాకపోతే?" అన్నారు.

"ఈ పుస్తకంలో అబద్ధం ఉండేది సార్."

ఆయన పుస్తకం మీద సంతకం పెట్టారు. పుస్తకంలో ఎవరి పేర్లూ ఉండకూడదు కాబట్టి రోజా పేరు లేదు. కానీ ఆడపిల్లల చేతిబలం పటంలో పద్నాలుగేళ్ల గడి దగ్గర, మిగతా చుక్కలన్నిటికీ పైన ఒంటరిగా ఒక చుక్క ఉంది. దాన్ని పొరపాటుగా తీసెయ్యమని ఒకరిద్దరు చెప్పారు. తియ్యలేదు. మా మేడం నా వైపే నిలబడింది.

పుస్తకం చేతికొచ్చిన వారం కావలి చేపల మార్కెట్టుకు వెళ్లాను. గురవమ్మ వంజరం ముక్కలు కోస్తోంది. ముందు నిలబడినామె ధర దగ్గర గీచిగీచి బేరమాడుతోంది. నన్ను చూడగానే గురవమ్మ కత్తి కింద పెట్టి చేతులు కడుక్కుంది.

"ఈ డాక్టరమ్మే నేను చెప్పింది" అంది బేరమాడే ఆమెతో. "మా పాప లెక్క రాసిన అమ్మ."

పటం తెరిచి ఆ చుక్క చూపించాను. చేపల తడి తగలకుండా ఆమె దూరం నుంచే వంగి చూసింది. పక్క గంపల వాళ్లను పిలిచింది. ఒక్కొక్కరూ వచ్చి వంగి చూశారు. "ఇదేనా?" "ఇదే. అన్నిటికంటే పైనుండాది చూడు." బేరమాడే ఆమె కూడా తన సంచి కింద పెట్టి చూసింది.

"రోజా ఎట్లా ఉందక్కా?"

"పదో తరగతిలో ఉండాది. క్రేనని పిలిస్తే ఇప్పుడు పలుకుతాది, ఏందిరా అని." గురవమ్మ నవ్వి మళ్లీ కత్తి అందుకుంది. "అయినా ఇది పోయినేడు లెక్క గదమ్మా. ఇప్పుడు ముప్పై ఏడన్నా ఉంటాది. మిషను మళ్లీ ఎప్పుడు తెస్తావు?"